రాత్రి పొయ్యి మీద ఏం పెట్టినావు? – అనంతపురం జిల్లాలో ఒక ఇంటి కేసు

అనంతపురం టౌను నుంచి బస్సులో గంటన్నర పట్టే పల్లె అది. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. మిగతాదంతా మా స్వచ్ఛంద సంస్థ కేసు డైరీలో ఉన్నట్టే రాస్తున్నాను. తిండికి జరగని ఇలాంటి ఇళ్ళకు కొత్తగా వెళ్తున్న కార్యకర్తలు చదువుతారని, నేను పోగొట్టుకున్న రోజులు వాళ్ళు పోగొట్టుకోకూడదని నా ఆశ.

2025 మార్చి మూడో వారంలో ఆ ఊరి హైస్కూలు హెడ్‌మాస్టరు ఫోన్ చేశారు. "ఏడో తరగతి పాప బ్యాగుకు చీమలు పట్టినాయి సార్. తీసి చూస్తే అడుగున చిక్కీలు, ఏడెనిమిది ఉన్నాయి" అన్నారు. మధ్యాహ్న భోజనంతో పాటు వారంలో మూడు రోజులు బళ్ళో చిక్కీ ఇస్తారు. పాప తన వంతు తినకుండా దాచుకుంటోంది. ఎందుకని అడిగితే "ఆదివారానికి సార్" అందట. చెనిక్కాయ పండే ఊళ్ళో, చెనిక్కాయ పండించిన ఇంటి బిడ్డ ఆదివారానికి చిక్కీ దాచుకోవడం ఆయనకు మామూలు విషయంగా తోచలేదు. తిట్టి బ్యాగు దులిపించి పంపేసి ఉంటే ఈ కేసు మా దాకా వచ్చేదే కాదు.

ఇంట్లో నలుగురు. తల్లికి 34 ఏళ్ళు, అత్తకు 68, పాపకు 12, బాబుకు నాలుగు. తండ్రి నాలుగెకరాలు గుత్తకు తీసుకుని చెనిక్కాయ వేసేవాడు. 2024 డిసెంబరులో కామెర్లు ముదిరి ఇంట్లోనే చనిపోయాడు. పంట డబ్బులు అంతకుముందే వైద్యానికి అయిపోయాయి.

మొదటిసారి నేనొక్కణ్ణే వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం, పక్కింటి అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు. వాకిట్లో నిలబడి "ఏమ్మా, బియ్యం వస్తున్నాయా? తిండికి ఏమన్నా ఇబ్బందా?" అని అడిగాను. "ఏం లేదు సార్, జరుగుతాంది" అంది. అదే రాసుకుని వచ్చేశాను. ఊరి ముందర, మగమనిషి, చేతిలో ఫైలు పట్టుకుని అడిగితే ఏ ఇల్లాలైనా అదే చెబుతుంది. పదిహేనేళ్ళు ఈ పనిలో ఉన్నవాడిగా ఆ మాట నాకు ముందే తట్టాల్సింది. నా తప్పు వల్ల తొమ్మిది రోజులు పోయాయి.

రెండోసారి మా ఆఫీసులో ఫీల్డు పని చూసే అక్కను పంపాను. సాయంత్రం పూట వెళ్ళింది, ఫైలు తీసుకుపోలేదు. వంటింటి గడప దగ్గర చతికిలబడి, పాపకు జడ వేస్తూ, "రాత్రి పొయ్యి మీద ఏం పెట్టినావు మా?" అని అడిగింది. చాలాసేపు జవాబు రాలేదట. తర్వాత "రాత్రి పొయ్యి ఎలిగియ్యలేదక్కా" అంది ఆ తల్లి.

"తిన్నారా?" అంటే మన దగ్గర "ఆ, తిన్నాం" అనేది మర్యాద మాట. అది జవాబు కిందికి రాదు. పొయ్యి గురించి అడిగితే అబద్ధం చెప్పడం కష్టం. అప్పటినుంచి మా వాళ్ళందరం అలాగే అడుగుతున్నాం, ఏడు రాత్రులవీ వెనక్కి లెక్కపెట్టి రాసుకుంటున్నాం. ఈ ఇంట్లో ఏడు రాత్రుల్లో మూడు రాత్రులు పొయ్యి వెలగలేదు. పొద్దున టీ నీళ్ళు, పిల్లలకు గుప్పెడు బొరుగులు. మధ్యాహ్నం పాపకు బళ్ళో భోజనం. ఇంట్లో గంజి, అందులోకి చింతపండు ఉప్పు నూరిన కారం. తల్లి అందరి తర్వాత తింటుంది, అంటే కొన్ని రోజులు తినదు. గ్యాసు పొయ్యి మీద గుడ్డ కప్పి ఉంది, సిలిండరు ఖాళీ. వెలిగినప్పుడు వెలిగేది కందికట్టె పొయ్యి.

డబ్బు లెక్క ఆ రాత్రే వేశాం. అత్తకు ఒకటో తేదీన 4,000 రూపాయల పింఛను వస్తోంది. తల్లికి నెలలో ఎనిమిది, పది రోజులు కూలి దొరుకుతోంది. భర్త బతికున్నప్పుడు ఆమె పేరు మీద గ్రూపు లోను తీసుకున్నారు, వారం కంతు 1,150. నెలకు 4,600. అంటే ముసలామె పింఛను ఇంట్లో ఒక్క రాత్రి కూడా నిలవడం లేదు, పైన ఇంకో 600 కూలి డబ్బు కూడా అందులోకే పోతోంది. కంతు ఆగితే గ్రూపులో మిగతా ఆడవాళ్ళు కట్టాలి. "వాళ్ళ మొగం యెట్ల జూసేది అక్కా" అనేది ఆమె మాట.

ఇక బియ్యం. ఫిబ్రవరి నుంచి రావడం లేదు. రేషన్ బండి దగ్గర అడిగితే "కార్డు ఇన్‌ఎలిజిబుల్ అని చూపిస్తాంది" అన్నారట. గ్రామ సచివాలయానికి ఎందుకు పోలేదని మా అక్క అడిగింది. దానికి వచ్చిన జవాబు డైరీలో ఎర్ర ఇంకుతో రాసి పెట్టాను: "అడిగితే కంప్యూటర్‌లో చూసి అత్త పింఛను గూడా తీసేస్తే?"

చాలామంది అధికారులు, మాలాంటి సంస్థల వాళ్ళు కూడా, పేదవాళ్ళకు పథకాల గురించి తెలియదు, అవగాహన కల్పించాలి అంటారు. ఈమెకు అన్నీ తెలుసు. ఒకే కార్డు మీద రెండూ ఉన్నాయని, ఒకటి కదిలిస్తే రెండోది కూలొచ్చని కూడా తెలుసు. ఉన్న ఒక్కటి పోతుందేమోనన్న భయంతో రాని దాని గురించి నోరెత్తలేదు. ఆ భయం ఉత్తదేమీ కాదని తర్వాత నాకే అర్థమైంది.

ముందు తిండి చూడాలి. కాగితాలకు నెలలు పడతాయి, కడుపు ఆగదు. మా దగ్గర మామూలుగా ఇచ్చే సరుకుల మూట తీసుకెళ్ళాం: పది కిలోల బియ్యం, రెండు కిలోల కందిబ్యాళ్ళు, లీటరు నూనె, ఉప్పు, చింతపండు, మిరప్పొడి. అవ్వ తీసుకోలేదు. కోపంగా కూడా అనలేదు, మెల్లగా చెప్పింది. "1952లో కరువొచ్చినప్పుడు మా యమ్మ గంజి కేంద్రం దగ్గర లైన్లో నిలబడిందంట నాయనా. సచ్చిందాకా ఆ మాటే చెప్పుకొని ఏడ్చేది. నా కొడుకు పోయిన మూడు నెలలకే నా వాకిట్లో మూట దించొద్దు." సీమలో గంజి కేంద్రాల సంగతి పుస్తకాల్లో చదివినవాణ్ణే. ఒక ఇంటి గడప మీద అది ఇంకా బతికి ఉందని ఆ రోజు చూశాను.

మూట వెనక్కి తెచ్చాం. దారిలో మా అక్క అంది, "అంగడాయప్ప పుస్తకం చూద్దాం సార్." ఆ ఊళ్ళో చిల్లర అంగడి ఒకటే. వీళ్ళ ఖాతాలో 3,480 రూపాయల బాకీ ఉంది, జనవరి చివర్లో అప్పు ఆపేశాడు. ఆయనా ధనవంతుడేం కాదు. మేం 2,000 కట్టాం, రెండు నెలల పాటు నెలకు 1,500 దాకా సరుకులు ఇస్తే మేమే తీరుస్తామని మాటిచ్చాం. ఆ ఇంటికి మాత్రం "మీ ఖాతా మళ్ళీ తెరిచినా" అని ఆయనే చెప్పాలన్నాం. చెప్పాడు. ఆ సాయంత్రం పాప సంచీ పట్టుకుని అందరిలాగే అంగడికి పోయింది.

ఆ మొదటి చీటీ నకలు నా దగ్గర ఉంది. బియ్యం ఐదు కిలోలు, నూనె అర లీటరు, బట్టల సబ్బు, కొబ్బరినూనె చిన్న డబ్బా, ప్యాడ్ల ప్యాకెట్టు ఒకటి. పాప ఫిబ్రవరిలో పెద్దమనిషయిందట. ప్రతి నెలా నాలుగు రోజులు బడి మానుతోంది. బడి మానితే మధ్యాహ్నం భోజనం కూడా ఉండదు. ఇన్నేళ్ళుగా మేం కడుతున్న మూటలో సబ్బు లేదు, ప్యాడ్లు లేవు. 2025 జూన్ నుంచి మా మూటలో రెండూ పెడుతున్నాం. వీలున్న ఊళ్ళో మూట మానేసి అంగడి ఖాతాకే కడుతున్నాం.

బాబును అంగన్‌వాడీలో వేయలేదు. తండ్రి జబ్బు గొడవలో ఎవరూ పట్టించుకోలేదు. మర్నాడే చేర్పించాం. ఆ రోజు నుంచి వాడికి ఒక పూట అన్నం, గుడ్డు, పాలు అందాయి. ఈ కేసులో అన్నిటికంటే సులభంగా అయిన పని ఇదే, చూడకపోతే తప్పిపోయేదీ ఇదే.

కాగితాల దగ్గర నేను రెండో తప్పు చేశాను. బియ్యం ఆగాయి కాబట్టి బియ్యం గురించే అర్జీ రాయించి, కలెక్టరేట్‌లో సోమవారం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇప్పించాను. మూడు వారాల తర్వాత "కుటుంబంలో నాలుగు చక్రాల వాహనం ఉన్నందున అనర్హులు" అని సమాధానం వచ్చింది, అర్జీ మూసేశారు. ఇంట్లో సైకిలు కూడా లేదు. కారు మరిదిది. బెంగళూరులో ఉంటాడు, పెళ్ళయింది, పని మీద తిరగడానికి కంతుల మీద పాత కారు కొన్నాడు. ట్యాక్సీ బోర్డయితే మినహాయింపు ఉండేది, ఇది సొంత బోర్డు. అతని పేరు ఇంకా ఈ కార్డులోనే ఉంది. చనిపోయిన అన్న పేరు కూడా ఉంది. బాబు పేరు మాత్రం లేదు. కార్డులో ఉండకూడని ఇద్దరు ఉన్నారు, ఉండాల్సిన ఒకడు లేడు.

ముందు పట్టుకోవాల్సింది మరణ ధ్రువపత్రం. అది లేకుండా కార్డులో పేరు తీయరు, గ్యాసు కనెక్షను పేరు మారదు, లోను బీమా కదలదు, వితంతు పింఛనుకు దరఖాస్తే ఉండదు. ఇంట్లో పోయిన మనిషి కాబట్టి ఆసుపత్రి కాగితం లేదు, ఎవరూ నమోదు చేయించలేదు. మరణం 21 రోజుల్లోపు పంచాయతీలో చెబితే రుసుము లేకుండా రాస్తారు. 30 రోజులు దాటితే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. మేం కలిసేసరికి మూడు నెలలు దాటింది. ఏప్రిల్ చివరికి పత్రం చేతికొచ్చింది. నేను మార్చిలో గ్రీవెన్స్‌కు బదులు దీనితో మొదలుపెట్టి ఉంటే నెల కలిసొచ్చేది. చావు జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్ళే బంధువుల్లో చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, పెద్దకర్మ లోపే ఈ ఒక్క పని చేయించండి.

లోను సంగతి మా అక్కే పట్టింది. లోను కార్డు వెనక చిన్న అక్షరాల్లో బీమా కింద కోసుకున్న మొత్తం రాసి ఉంది. గ్రూపు లోన్లలో చాలావాటికి అప్పు తీసుకున్న ఆడమనిషితో పాటు భర్త ప్రాణానికీ బీమా ఉంటుంది. ఇద్దరిలో ఎవరు పోయినా మిగిలిన బాకీ బీమా నుంచి తీరాలి. ఈమె భర్త పోయాక కూడా 14 కంతులు కట్టింది, 16,100 రూపాయలు. ఆ డబ్బుతో కిలో 50 పెట్టి బియ్యం కొన్నా ఈ ఇంటికి తొమ్మిది నెలల తిండి. వసూలుకు వచ్చే అబ్బాయికి భర్త చనిపోయిన విషయం తెలుసు, బీమా మాట చెప్పలేదు. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. మరణ పత్రం జతచేసి రాతపూర్వకంగా క్లెయిము పెట్టాం, జూన్ చివర్లో లోను మూసేశారు. చావు తర్వాత కట్టించుకున్న కంతులు వాపసు ఇవ్వమని అడిగిన ఉత్తరానికి ఇంకా జవాబు రాలేదు. వసూలు అబ్బాయి సాయంత్రం ఏడు దాటాక వచ్చి వాకిట్లో కూర్చోవడం మాత్రం క్లెయిము పెట్టిన వారంలోనే ఆగింది. సూక్ష్మ రుణాల వసూలుకు పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ కూడా చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల్లో ఉంది, ఆ మాట గ్రూపు ఆడవాళ్ళందరి ముందు చదివి వినిపించాం.

ఏప్రిల్ చివర్లో బడికి సెలవులిచ్చారు. మళ్ళీ తెరిచింది జూన్ 12న. మాకు ఏటా భయం పుట్టించే రోజులు ఇవే. పిల్లల మధ్యాహ్నం భోజనం ఆగిపోతుంది, పొలాల్లో పని ఉండదు. ఈ ఇంటిని ఆ ఏడు వారాలు నిలబెట్టింది కరువు పని. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. ఇరవై ఏళ్ళవుతున్నా ఇక్కడ ఎవరూ దాన్ని ఉపాధి హామీ అనరు, కరువు పని అనే అంటారు. జాబ్ కార్డులో ఆమె పేరు ఉంది కాబట్టి చేరడం కష్టం కాలేదు. పొద్దున ఆరింటికే కందకాలు తవ్వడానికి పోయేది, పదకొండుకు వచ్చేది. ఆ ఏడాది రోజు కూలి 307 రూపాయలు, కొలతలు పడితేనే అంత. మొదటి డబ్బులు మూడో వారంలో పడ్డాయి. అప్పటిదాకా అంగడి ఖాతా ఆదుకుంది.

మే 7 నుంచి సచివాలయాల్లో బియ్యం కార్డుల మార్పులకు దరఖాస్తులు తీసుకోవడం మొదలైంది. అప్పుడు అసలు చిక్కు ముందుకొచ్చింది.

మరిదిని ఈ కార్డు నుంచి వేరు చేయాలి. ఫోన్లో చెబితే అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "కార్డు వేరు పడితే మాయమ్మ నాది గాకుండా పోతాదా అన్నా?" మన ఊళ్ళలో కార్డు విడిపోవడమంటే ఇల్లు విడిపోయినట్టే లెక్క. అన్న పోయిన ఆరు నెలలకే వేరు పడ్డాడని ఊరు అనుకుంటుందని అతని బాధ. ఆస్తికీ కార్డుకీ సంబంధం లేదని, ఇంటి కాగితం అలాగే ఉంటుందని, కారు పేరు ఈ ఇంటి మీద ఉన్నన్నాళ్ళూ అన్న పిల్లలకు బియ్యం రావని చెప్పాను. శనివారం రాత్రి బస్సెక్కి భార్యతో వచ్చాడు. వేలిముద్రలు వేసి, వదిన చేతిలో మూడు వేలు పెట్టి, ఆ రాత్రికే వెనక్కి పోయాడు. ఇన్నాళ్ళూ వదిన చెప్పలేదు, అతనికి బియ్యం ఆగిన సంగతే తెలియదు.

అవ్వ ఎటు ఉండాలన్నది రెండో ప్రశ్న. ఒక కార్డుకు ఒకటే పింఛను, దివ్యాంగుల వంటి కొన్ని మినహాయింపులు తప్ప. అవ్వ కోడలి కార్డులో ఉంటే ఆమె పింఛను నిలుస్తుంది గానీ కోడలికి వితంతు పింఛను దారి మూసుకుంటుంది. చిన్న కొడుకు కార్డులోకి పోతే కారు వల్ల ఆ 4,000కే ముప్పు. మార్చిలో కోడలు భయపడింది సరిగ్గా దీని గురించే. మేం సలహా ఇవ్వలేదు, లెక్క మాత్రం కాగితం మీద వేసి ఇద్దరి ముందూ పెట్టాం. కోడలే తేల్చింది: "అత్త నా దగ్గరే ఉండాల. వచ్చేది పోగొట్టుకొని రానిదానికి ఎదురుజూసేది వద్దు." మేం అడిగిన రోజుకు ఆమెకు కొత్త వితంతు పింఛను దరఖాస్తు పెట్టే దారి కూడా తెరిచి లేదు. నా దృష్టిలో ఆ నిబంధన అన్యాయం. వయసు మీదపడిన అత్త, మొగుడు పోయిన కోడలు ఒకే కప్పు కింద ఉంటే ఇద్దరిలో ఒకరి అవసరం లేనట్టు లెక్కగట్టడం ఏం లెక్క? ఈ మాట గ్రీవెన్స్‌లో రాతపూర్వకంగా ఇచ్చాను, మళ్ళీ ఇస్తాను.

జూన్ మూడో వారంలో కార్డు సరిపడింది. భర్త పేరు, మరిది పేరు పోయాయి, బాబు పేరు చేరింది. జూన్ నుంచి బండ్లు ఆగి మళ్ళీ రేషన్ స్టోర్లు వచ్చాయి, ఒకటి నుంచి పదిహేను దాకా ఇస్తారు. జులై 1న నేనూ వెళ్ళాను. ముందు అవ్వ వేలు పెట్టింది. మూడుసార్లూ పడలేదు. చెనిక్కాయలు వొలిచి వొలిచి నున్నగా అయిన వేళ్ళు, కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది, పడలేదు. కోడలి బొటనవేలుకు మిషను పలికింది. మనిషికి ఐదు కిలోల లెక్కన 20 కిలోలు. ఈ ఇంటికి నెలకు దాదాపు 35 కావాలి, మిగతా 15 కొనాల్సిందే. నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డయితే మనుషులెందరున్నా 35 కిలోలు వస్తాయి. ఆ కార్డుల సంఖ్యకు పరిమితి ఉంది, అడిగి పెట్టాం.

కార్డు సరిపడగానే మిగతావి ఒక్కొక్కటే కదిలాయి. తల్లికి వందనం పథకం కింద పాప చదువుకు 13,000 జులైలో తల్లి ఖాతాలో పడింది. అందులోంచి అంగడి పాత బాకీ 1,480 ఆ రోజే కట్టేసింది. గ్యాసు ఆమె పేరు మీదికి మారింది. దీపం పథకంలో ఉచిత సిలిండరుకు కూడా అప్పట్లో ముందు డబ్బు కట్టి తీసుకోవాల్సి ఉండేది, తర్వాత ఖాతాలో వేసేవారు. ఆ ముందు డబ్బే లేని ఇళ్ళు ఎన్నో. మొదటిసారి మేం చేబదులిచ్చాం, ఖాతాలో పడిన రోజే తెచ్చిచ్చింది.

అక్టోబరులో మా అక్క మళ్ళీ వెళ్ళి ఏడు రాత్రుల లెక్క రాసుకొచ్చింది. ఏడు రాత్రులూ పొయ్యి వెలిగింది. నాలుగు రాత్రులు సంగటి, చెనిక్కాయ ఊరిబిండి, మూడు రాత్రులు అన్నం, చారు. పప్పు వారంలో ఒక్కసారే. తల్లి బరువు ఇంకా తక్కువగానే ఉంది, ఆరోగ్య కేంద్రంలో రక్తం చూపించి మాత్రలు రాయించాం.

ఈ ఫైలు మూయలేదు. పిల్లోనికి 2026 జనవరిలో ఐదేళ్ళు నిండుతాయి. ఐదేళ్ళలోపు పిల్లలకు వేలిముద్ర అడగరు, నిండాక ఆధార్‌లో వేలిముద్రలు కొత్తగా వేయించి, కార్డుకు ఈకేవైసీ చేయించాలి. మరిచిపోతే వాడి ఐదు కిలోలు ఆగే ప్రమాదం ఉంది. సంక్రాంతి సెలవుల్లో ఆధార్ సెంటరుకు తీసుకుపోవాలని గోడ మీది క్యాలెండర్‌లో పాపే గుర్తు పెట్టుకుంది.